సినిమా తీసే చేత్తో ఒపేరా చేయాలంటే

మొదటి రిహార్సల్ రోజు నేను చేసిన ఘనకార్యంతో మొదలుపెడతాను. యూసుఫ్‌గూడలో ఒక మిత్రుడి ఇంటి పై అంతస్తు. ఫ్యాను చప్పుడుకి శ్రుతి వినపడటం లేదని ఆపేశాం, అందరికీ చెమటలు కారిపోతున్నాయి. అమ్మాయి పాడుతోంది, పల్లవి రెండోసారి వచ్చింది, వెనక వరుసలో కుర్రాడొకడు తల గోక్కున్నాడు. నేను అలవాటు కొద్దీ "కట్" అని అరిచాను. హార్మోనియం ఆగలేదు, తబలా ఆగలేదు, అమ్మాయి నా వైపు ఒక చూపు చూసి పాడుతూనే ఉంది. పాట అయ్యాక హార్మోనియం మాస్టారు కండువాతో మొహం తుడుచుకుంటూ, "ఆవర్తనం మధ్యలో ఆపమంటే ఎట్లా బాబూ, తుమ్ముని సగంలో ఆపమన్నట్టుంది" అన్నారు (ఆవర్తనం అంటే తాళం ఒక పూర్తి చుట్టు). అందరూ ఒకటే నవ్వు. నాలుగు షార్ట్ ఫిల్ములు తీశానన్న గర్వం ఆ రోజుతో సరి.

షూటింగులు చేసి చేసి, ఒక్కసారి స్టేజి మీద పాటలతో కథ నడిపి చూద్దాం అనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఒపేరా అన్న పేరు చూసి బెదరక్కర్లేదు. కథంతా దాదాపు పాటలోనే నడిచే నాటకం, అంతే. యక్షగానం, భామాకలాపం, పద్యనాటకం ఉన్నచోట ఇదేం వింత కాదు. అసలు మన సినిమా తొలి అడుగులు పడ్డదే స్టేజి మీంచి, మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతిగా వేసిన సురభి కమలాబాయి నాటకాల నుంచి వచ్చినావిడే. బయటి దేశాల్లో పేరున్న సినిమా డైరెక్టర్లు ఒపేరాకి వెళ్లడం మామూలు విషయం: విస్కోంటి 1955లో మిలాన్‌లోని లా స్కాలాలో 'లా ట్రావియాటా' చేశాడు, తార్కోవ్‌స్కీ 1983లో లండన్‌లో 'బోరిస్ గొదునోవ్' చేశాడు, హెర్జోగ్ 1987లో బైరాయిట్‌లో 'లోహెన్‌గ్రిన్' చేశాడు. మన దేశం నుంచి సంజయ్ లీలా భన్సాలీ 2008లో పారిస్ షాత్లే థియేటర్లో, ఫ్రెంచి సంగీతకారుడు రూసెల్ కట్టిన 'పద్మావతి'ని డైరెక్ట్ చేశాడు. అదే రాజస్థాన్ చిత్తోడ్ రాణి కథ ఆయన సినిమాగా మనకి వచ్చింది 2018లో. అంటే స్టేజి ముందు, సినిమా తర్వాత. ఈ వరస గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

అసలు చిక్కు టైముతో. ఎడిటింగ్ టేబుల్ దగ్గర మూడు సెకన్ల చూపుని ఎనిమిది సెకన్లకి లాగొచ్చు, నచ్చకపోతే ఎత్తేయొచ్చు. ఒపేరాలో నాయిక ఉత్తరం విప్పడానికి ఎంతసేపు పడుతుందో మనకంటే ముందే సంగీతం కట్టినాయన తేల్చేసి ఉంటాడు. నాలుగు ఆవర్తనాలు ఇచ్చాడంటే నాలుగే. ఆ టైములో ఉత్తరం విప్పాలి, చదవాలి, గుండె పగలాలి. లేదూ ఇరవై ఆవర్తనాలు ఇచ్చాడు, ఉత్తరం రెండో ఆవర్తనంలోనే విప్పేసింది, మిగతా పద్దెనిమిదీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలి? డైరెక్టరు పనంతా ఆ పద్దెనిమిదిలోనే ఉంది.

అందుకని షాట్ డివిజన్ రాసే పుస్తకం మూసేసి, ముందు వినండి. కళ్లు మూసుకుని వినండి, మెట్రోలో వినండి, పది పదిహేనుసార్లు అయ్యేదాకా ఏమీ ఊహించకుండా వినండి. తర్వాత పొడుగు నోటుబుక్కు ఒకటి తీసి మూడు గడులు గీయండి: ఎన్నో ఆవర్తనం, అక్కడ ఏ మాట, ఆ మాటతో కథలో ఏం మారింది. మూడో గడి ఖాళీగా ఉన్నచోటల్లా ఎర్ర పెన్నుతో గీత కొట్టండి, ప్రేక్షకుడు ఫోను తీసేది అక్కడే. నాకు స్వరలిపి చదవడం రాదు, రాకపోయినా కొంపేం మునగలేదు గానీ లెక్క మాత్రం తప్పకుండా రావాలి. సినిమా పాట షూటింగులో నాగ్రా (రికార్డు చేసిన పాటని వినిపించే మిషను) పెట్టి డాన్స్ మాస్టారు లెక్కలు వేస్తారు చూడండి, ఇంచుమించు అదే పని. తేడా ఏంటంటే నాగ్రా వందసార్లు పెట్టినా ఒకేలా మోగుతుంది, మనిషి గొంతు మోగదు, ఒకరోజు జలుబు చేస్తే పాట అరనిమిషం సాగుతుంది. కాబట్టి లైటు మారడం, మనిషి రావడం లాంటివన్నీ సెకన్లకి కట్టకండి, మాటకి కట్టండి. "మూడో నిమిషంలో నీలం లైటు" అని రాశారో చచ్చారన్నమాటే. "'నాయనా' అన్న మాట రెండోసారి వినపడగానే నీలం లైటు" అని రాయాలి. లైట్లు వేసే కుర్రాడికి సంగీతం రానక్కర్లేదు, ఆ మాట వినపడితే చాలు.

ఇక రాత సంగతి. నేను చేసింది నలభై నిమిషాల సంగీత నాటిక. కథ 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద. అఫ్జల్‌గంజ్ దగ్గర, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి నూటయాభై మందికి పైగా బతికారని చెబుతారు. ఆ కొమ్మల మీద పక్కపక్కన ఇరుక్కుపోయిన నలుగురు మనుషులు, అదీ నా ఊహ. ముందు దీన్ని షార్ట్ ఫిల్ముగానే రాశాను, నీళ్ల షాట్లకి గ్రాఫిక్స్ వాళ్లు చెప్పిన రేటు విని ఆ ఫైలు మూసేశాను (నిజం చెప్పాలంటే స్టేజి వైపు తోసింది కళాతృష్ణ కాదు, ఆ రేటు). ముప్పై రెండు పేజీల స్క్రిప్టు పట్టుకెళితే సంగీతం కట్టే అమ్మాయి మొదటి పేజీ మాత్రమే పాడి వినిపించింది, ఆరు నిమిషాలు! మామూలుగా చెబితే మూడు సెకన్లు పట్టే వాక్యం పాడితే పదిహేను సెకన్లు తింటుంది. చివరికి తొమ్మిది పేజీలు మిగిలాయి. ఏది తీసేయాలో నాకు తెలిసిన పద్ధతి ఇది: సమాచారం చెప్పే మాటల్ని ముందు కొట్టేయండి, "నిన్న రాత్రి నుంచి వాన పడుతోంది" లాంటివి, ఆ పని తబలా చేస్తుంది. మనిషి దేన్నయినా తట్టుకోలేక అనే మాటల్ని ఉంచండి. సినిమాలో ఒకే డైలాగు మూడుసార్లు వస్తే ఎడిటరు రెండు లేపేస్తాడు, ఇక్కడ మాత్రం ఒక మాట మూడుసార్లు వస్తే మూడుసార్లూ మూడు అర్థాలు రావాలి. మా చెట్టు మీద తల్లి "కొమ్మ గట్టిదేనా" అని అడుగుతుంది. మొదటిసారి చెట్టుని, రెండోసారి పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషిని, మూడోసారి దేవుణ్ణి. మాట అదే, ముఖం తిప్పే దిక్కు మారింది.

క్లోజప్ లేదు కదా, మరి ఎలా? సినిమా వాళ్లందరికీ వచ్చే మొదటి టెన్షన్ ఇదే, దీనికి వెనక ఎల్‌ఈడీ స్క్రీను పెట్టి ముఖం పెద్దగా చూపిద్దాం అనే ఐడియా కూడా అందరికీ వస్తుంది. వద్దు. నాలుగు మీటర్ల ముఖం వెనకాల వెలుగుతుంటే ముందున్న అసలు మనిషిని ఎవరూ చూడరు. స్టేజి మీద క్లోజప్ అంటే మిగతా అందరూ కదలకుండా ఉండటం. పదిమంది రాయిలా నిలబడి ఒక్కరు చెయ్యి ఎత్తితే ఆఖరి వరుస దాకా ఆ చెయ్యే కనపడుతుంది. ఇంకో దారి వస్తువు. విస్కోంటి 'లా ట్రావియాటా'లో మొదటి అంకం చివర, విందుకొచ్చిన వాళ్లంతా వెళ్లిపోయాక, నాయిక ఒంటరిగా పాడే పెద్ద పాట ఉంది. అక్కడ నాయికగా వేసిన గాయని మరియా కలాస్ కాలి చెప్పులు విసిరేసి పాడింది. అప్పట్లో కొందరు గగ్గోలు పెట్టారు గానీ ఆలోచించండి, రాత్రంతా నవ్వు పులుముకుని తిరిగిన ఆడమనిషి ఎవరూ లేనప్పుడు మొదట చేసే పని అదే కదా, పెళ్లి రిసెప్షన్ నుంచి ఇంటికి రాగానే మన ఇళ్లలో చూసేదీ అదే. సినిమా కన్ను అంటే అదీ. కెమెరా లేకపోయినా ఆ కన్ను పనికొస్తుంది.

నీళ్ల సంగతి చెప్పలేదు. వరద ఎలా చూపించాలో తెలియక రెండు వారాలు తల పట్టుకుని, చివరికి లింగంపల్లి సురభి కాలనీకి వెళ్లాను. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన నాటక కుటుంబాలు అవి, బాణాలు గాల్లో ఢీకొని నిప్పులు రాలడం, నారదుడు మబ్బుల్లోంచి దిగడం తాళ్లతో, తీగలతో చేసి చూపిస్తారు. అక్కడ ఒక పెద్దాయన నా గ్రాఫిక్స్ గోడు ఓపిగ్గా విని, "నీళ్లెందుకు నాయనా, గుడ్డ ఉందిగా" అన్నారు. రెండు వైపులా ఇద్దరేసి పట్టుకున్న పలుచటి బూడిదరంగు గుడ్డ, ముందు పాదాల దగ్గర, తర్వాత మోకాళ్ల దగ్గర, తర్వాత నడుము దగ్గర. ఎక్కడా పరుగులెత్తించలేదు, తాళం ప్రకారం ఆవర్తనానికి బెత్తెడు చొప్పున పైకి లేపాం. జనం ఊపిరి బిగబట్టింది ఆ బెత్తెడు కోసమే. దర్జీకి ఇచ్చింది కూడా కలుపుకుని మొత్తం ఖర్చు మా టీమ్ రెండు రోజుల బిర్యానీ బిల్లు కంటే తక్కువ.

పసిపిల్ల పాత్ర ఉంటే స్టేజి మీద నిజం పిల్లని పెట్టొద్దు. ఏడవాల్సినప్పుడు నవ్వుతుంది, నవ్వాల్సినప్పుడు అమ్మమ్మని వెతుకుతుంది. సినిమా డైరెక్టరు ఆంథొనీ మింగెల్లా 2005లో లండన్‌లో 'మదామా బటర్‌ఫ్లై' చేసినప్పుడు నాయిక కొడుకు పాత్రకి జపాన్ బున్‌రాకు పద్ధతి బొమ్మని వాడాడు, ఆడించేవాళ్లు నల్లబట్టల్లో అందరికీ కనపడుతూనే ఉంటారు. తోలుబొమ్మలాట చూసిన మనకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. మేం పాత చీర చుట్టిన మూటతో కానిచ్చాం.

పాడేవాళ్ల ఒంటి గురించి నేను తిన్న తిట్లు చాలానే ఉన్నాయి, ముఖ్యమైనవి చెబుతాను. పరిగెత్తుకుంటూ వచ్చి వెంటనే పై స్థాయి పాడమనకండి, మధ్యలో కనీసం ఊపిరి తీసుకునే చోటు వెతికి ఇవ్వండి. గడ్డం ఛాతీకి ఆనించి పాడమనకండి. పడుకుని పాడొచ్చు, ఆశ్చర్యంగా అది అంత కష్టం కాదట, లేచే తీరే కష్టం. పశ్చిమ దేశాల ఒపేరాలో మైకు లేకుండా నిండు ఆర్కెస్ట్రా మీద గొంతు వినిపించాలి కాబట్టి అక్కడ గాయకులు ఎక్కువ సేపు జనం వైపే ఉంటారు, వీపు తిప్పితే గొంతు కూడా అటే పోతుంది. పైగా ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టరు కనపడాలి. మన దగ్గర కాలర్ మైకులు కాబట్టి ఆ బాధ తక్కువ గానీ ఇంకో బాధ ఉంది, హారాలు, జరీ అంచులు మైకుకి రాసుకుని వాన పడుతున్నట్టు చప్పుడొస్తుంది. మాది వరద కథ కాబట్టి సరిపోయింది, మీకు సరిపోకపోవచ్చు. నగలతో సహా డ్రెస్ రిహార్సల్ చేసి తీరండి. హార్మోనియం మాస్టారు ఎక్కడ కూర్చుంటారో మొదటి రోజే తేల్చుకోండి, చెట్టు మీదున్న నలుగురికీ ఆయన చెయ్యి కనపడాలి. మా చెట్టు కొమ్మ ఒకటి సరిగ్గా ఆయనకి అడ్డం, షో ముందు రోజు రాత్రి పదింటికి రంపంతో కోశాం.

హాలు విషయంలో గట్టిగా ఉండండి. మేం తీసుకున్న హాలు వాళ్లు (పేరెందుకు లెండి) రిహార్సల్‌కి పొద్దున్నించీ ఇస్తామని చెప్పి, వేరే సన్మాన సభ ఉందని సాయంత్రం నాలుగింటికి లోపలికి వదిలారు. లైట్లు పెట్టేసరికి ఏడు, ఫోకస్ చేసేసరికి తొమ్మిది. ఎన్ని గంటలకి తాళం తీస్తారో కాగితం మీద రాయించుకోండి.

రిహార్సల్స్ వరస కూడా సినిమా లెక్కలో వేయకండి. సీను నంబర్లు అటూ ఇటూ చేసి, ఆర్టిస్టు డేట్లని బట్టి ముక్కలుగా చేసుకుంటే ఇక్కడ మునుగుతారు, ఎందుకంటే పాడేవాళ్ల ఓపిక మొదటి నుంచి చివరిదాకా ఎలా ఖర్చవుతుందో మీకు తెలియదు. మొదట్లో ముక్కలు సరే, ఆఖరి పది రోజులు మాత్రం ఆపకుండా మొత్తం. తప్పులు పుస్తకంలో రాసుకోండి, నోరు మూసుకోండి. నాకు అన్నిటికంటే కష్టమైంది నోరు మూసుకోవడమే.

ఇక సినిమాకి తిరిగి రావడం. స్వీడన్ సినిమా డైరెక్టరు బెర్గ్‌మన్ మోజార్ట్ ఒపేరా 'ది మ్యాజిక్ ఫ్లూట్'ని స్వీడిష్ టీవీ కోసం తీశాడు, 1975 జనవరి 1న వచ్చింది. మొదట్లో సంగీతం మోగుతుంటే తెర లేవదు, చూడ్డానికి వచ్చిన జనం ముఖాలే వరసగా కనపడతాయి. ద్రోత్నింగ్‌హోమ్ అనే పాత రాజుల థియేటరు మరీ నాజూకు, షూటింగుకి తట్టుకోదని స్టూడియోలోనే ఆ స్టేజిని మళ్లీ కట్టించాడు. పాటలు ముందే రికార్డు చేసుకుని, ప్లేబ్యాక్ పెట్టి తీశాడు, మన పద్ధతే. స్టేజి నాటకాన్ని వీడియో తీయాలనుకునేవాళ్లు అది ఒకసారి చూడండి: ఎక్కడ కట్ చేశాడన్నది పక్కన పెట్టి, ఎక్కడ చేయకుండా వదిలేశాడో చూడండి. మా షోని మేం మూడు కెమెరాలతో తీసి, అలవాటు కొద్దీ నాలుగు సెకన్లకొక కట్ వేస్తే గుడ్డ పైకి లేచే సీను సర్వనాశనం అయింది. బెత్తెడు బెత్తెడుగా పెరిగే నీళ్లని ముక్కలు చేస్తే అవి పెరగవు. ఆ సీను ఇప్పుడు ఒకే వైడ్ షాటు, రెండు నిమిషాల నలభై సెకన్లు.

పోయిన నెల ఆ పాత షార్ట్ ఫిల్ము ఫైలు మళ్లీ తెరిచాను. గ్రాఫిక్స్ వాళ్లకి ఫోన్ చేయలేదు. ఆదివారం పొద్దున్నే చెవుల్లో మా పాట పెట్టుకుని ఉస్మానియా ఆవరణలో ఆ చింతచెట్టు చుట్టూ నెమ్మదిగా నడిచాను, ఒక చుట్టు తిరిగేసరికి ఎన్ని ఆవర్తనాలు పట్టాయో నోటుబుక్కు మొదటి గడిలో రాసుకున్నాను. మూడో గడి ఇంకా ఖాళీ.