తోటలో శిల్పాన్నీ మొక్కనూ ఫోటో తీయడం

విజయవాడ స్వరాజ్య మైదానంలో 81 అడుగుల పీఠంపై నిలిచిన 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహాన్ని దాని పాదాల దగ్గర నిలబడి, కెమెరా పైకెత్తి తీస్తే, కాళ్లు పెద్దవిగా, శిరస్సు చిన్నదిగా, నిలువు అంచులన్నీ పైకి పోయేకొద్దీ దగ్గరపడుతున్నట్లుగా కనిపిస్తాయి. అందువల్ల వీలైనంత దూరం వెనక్కి వెళ్లి, జూమ్ లెన్స్‌తో దగ్గరకు తెచ్చుకోవాలి. వెనుక తెల్లని ఆకాశం ఉంటే కెమెరా ఆ వెలుగునే లెక్కలోకి తీసుకుని విగ్రహాన్ని నల్లటి ఆకారంగా మార్చేస్తుంది గనుక ఎక్స్‌పోజర్‌ను (కెమెరాలోకి వచ్చే వెలుగును) ఒక స్టాప్, అంటే రెట్టింపు, పెంచాలి. ముదురు కంచు ముఖమే ఫ్రేమంతా నిండినప్పుడు మాత్రం కొంత తగ్గించాలి.

రాతి శిల్పాలకు వెలుగు దిశే ప్రాణం. ఉదయం పక్కనుంచి ఏటవాలుగా పడే ఎండలో ఉలి గీతలు, వస్త్రపు మడతలు నీడలతో తేలి కనిపిస్తాయి. ఎదురుగా ఫ్లాష్ వేస్తే అవన్నీ చదునైపోతాయి. మధ్యాహ్నం, అందులోనూ బెజవాడ ఎండలో, కెమెరాకూ మనిషికీ విశ్రాంతి ఇవ్వడమే మేలు.

మొక్కల తీరు వేరు. రాజీవ్ గాంధీ పార్కు వంటి చోట మబ్బు పట్టిన పూట పూల రంగులు నిండుగా వస్తాయి. గాలికి పువ్వు ఊగుతుంటే షట్టర్ వేగం సెకనులో 250వ వంతు కన్నా నెమ్మదిగా ఉండకూడదు. ఆకులపై మెరుపును పోలరైజర్ ఫిల్టర్ తగ్గిస్తుంది. ఏసీ కారులోంచి దిగగానే ఉక్కపోతకు లెన్స్‌పై ఆవిరి పట్టవచ్చు. దాన్ని తుడవకుండా 10 నిమిషాలు ఆగండి.