పని ఒత్తిడి రోజులకు అంబలి, గుగ్గిళ్లు, అయిదు నిమిషాల ఊపిరి

పొద్దున ఖాళీ కడుపుతో టీ, పదకొండింటికి బిస్కెట్లు, సాయంత్రం ఆరింటికి మిర్చి బజ్జీ. పని నెత్తిమీదికొచ్చిన రోజున చాలామందిది ఇదే వరస. దీనికి నోరు కట్టుకోలేకపోవడం ఒక్కటే కారణం కాదు. ఒత్తిడి రోజుల తరబడి సాగితే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ ఎక్కువై తీపి మీదికీ నూనె సరుకు మీదికీ మనసు లాగుతుంది. ఆ సమయంలో ఏం తినాలో ఆలోచించే ఓపిక ఎవరికీ ఉండదు. కాబట్టి ఆ సంగతి ముందురోజు రాత్రే తేలిపోవాలి. పడుకునే ముందు ఒక గిన్నెలో రాగి పిండి, ఇంకో గిన్నెలో శనగలు నానేస్తే సగం పని అయిపోయినట్టే.

పొద్దుటికి అంబలి

రాగులంటే కొన్నిచోట్ల చోళ్లు, తెలంగాణలో తైదలు. వంద గ్రాముల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యం, గోధుమ, జొన్నలాంటి మన ధాన్యాల్లో మరేదీ దీని దరిదాపుల్లోకి రాదు. పిండి మర పట్టించాక జల్లించొద్దు, జల్లెడలో మిగిలే పొట్టులోనే పీచు ఎక్కువ.

నలుగురికి ఒక కప్పు పిండి తీసుకోండి. రాత్రి ఒకటిన్నర కప్పుల నీళ్లతో ఉండల్లేకుండా కలిపి, మూత పెట్టి బయటే ఉంచండి. ఎండాకాలం ఏడెనిమిది గంటలు, చలికాలం పన్నెండు గంటలు పడుతుంది. సన్నటి పులుపు వాసన వస్తే తయారైనట్టు. పులియడం వల్ల గింజలో ఖనిజాలను పట్టి ఉంచే ఫైటేట్లు తగ్గి ఇనుము, కాల్షియం ఒంటికి బాగా పడతాయి. పొద్దున పిల్లలకు జావ కాచేటప్పుడు ఈ మెట్టు వదిలేస్తుంటారు. అసలు లాభం ఇక్కడే ఉంది.

తెల్లారాక అయిదు కప్పుల నీళ్లు మరిగించి, సెగ తగ్గించి, పులిసిన పిండిని ధారగా పోస్తూ గరిటె ఆపకుండా తిప్పండి. ఎనిమిది నుంచి పది నిమిషాలకు మెరుపు వస్తుంది. కొద్దిగా చెంచాలో చల్లార్చి తడి వేలితో తాకితే అంటుకోకూడదు. అంటుకుంటే ఇంకా ఉడకాలి. పచ్చివాసనకూ తాగాక కడుపుబ్బరానికీ చాలాసార్లు ఈ తొందరే కారణం. గోరువెచ్చగా అయ్యాకే రెండు కప్పుల మజ్జిగ, ముప్పావు చెంచా ఉప్పు, తరిగిన ఉల్లిపాయ కలపండి. వేడి మీద పోస్తే మజ్జిగ విరుగుతుంది. పక్కన ఆవకాయ ముక్క పెట్టుకునేవాళ్లు ఉప్పు సగానికి తగ్గించాలి. రోజు మొత్తానికి అయిదు గ్రాములు, అంటే ఒక చెంచా ఉప్పే హద్దు.

షుగర్ ఉన్నవాళ్లకు ఒక మాట. రాగి కదా అని రెండు గ్లాసులు పట్టించొద్దు. మెత్తటి పిండి, పైగా పల్చగా కాచింది, రక్తంలో చక్కెరను త్వరగానే పెంచుతుంది. ఒక చిన్న గ్లాసు తాగి, గుప్పెడు గుగ్గిళ్లు నమిలితే మేలు. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు రాగుల్లో ఉండే, రాళ్లు కట్టడానికి తోడ్పడే ఆక్సలేట్ గురించి డాక్టరును అడగాలి.

సాయంత్రానికి గుగ్గిళ్లు

మనిషికి 50 గ్రాముల నల్ల శనగలు చాలు, తొమ్మిది గ్రాముల దాకా ప్రోటీన్ వస్తుంది. ఎనిమిది గంటలు నానాక ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కుక్కర్‌లో నాలుగైదు విజిల్స్ రానివ్వండి. తోటకూర మెత్తపడినట్టు చితికిపోకూడదు, పళ్లకు పని ఉండాలి. త్వరగా ఉడకాలని వంటసోడా వేయొద్దు, బి విటమిన్లు పోతాయి. చెంచా నూనెతో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు పెట్టి, చివర్లో నిమ్మరసం పిండండి. నిమ్మలోని సి విటమిన్ శనగల్లోని ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. డబ్బాలో పెట్టి ఆఫీసుకు తీసుకెళ్లండి. ఆకలి పూర్తిగా ముదరకముందే, అయిదింటికే తినాలి.

టీ విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కెఫీన్ సగం తగ్గడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది. అంటే ఆరింటికి తాగిన టీలోది పదకొండింటికీ సగం ఒంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం మూడు దాటాక మానేస్తే నిద్రకు మంచిది. భోజనానికి గంట ముందు, గంట తర్వాత కూడా వద్దు. టీలో వగరునిచ్చే టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవు.

తినే ముందు ఊపిరి

గుండె దడ, దవడ బిగింపు ఉన్నప్పుడు ఎంత మంచి తిండైనా గబగబా మింగేస్తాం. కూర్చుని, ముక్కుతోనే నాలుగు సెకన్లు పీల్చి ఆరు సెకన్లు వదలండి. నిమిషానికి ఆరు శ్వాసలు, అయిదు నిమిషాలు. పొట్ట కదలాలి, భుజాలు లేవకూడదు. వదిలే ఊపిరి పొడవుగా ఉంటే గుండె వేగం నెమ్మదిస్తుంది. తల తిరిగినట్టుంటే అవసరానికి మించి లోతుగా పీలుస్తున్నారన్నమాట. లెక్క అలాగే ఉంచి గాలి తగ్గించండి. ఫోన్ పక్క గదిలో పెట్టకపోతే ఇదంతా దండగ.

రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా తిండి మార్చి చూద్దామని ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.