పాత కారు బాగు చేయించాలా? సరదాకైతే సరే, లాభానికైతే ఆగండి

నల్గొండ, సూర్యాపేట, పాలమూరు దిక్కు ఊళ్లలో ఇప్పటికీ వేపచెట్ల కింద, రైస్‌మిల్లు షెడ్లలో అంబాసిడర్లు, ఫియట్లు, మహీంద్రా జీపులు నిలబడే ఉన్నాయి. వాటిని చూసి "తక్కువలో కొట్టేసి, రంగేయించి అమ్మితే లక్షలొస్తయి" అని లెక్కలేసేవాళ్లు ఎక్కువయ్యారు. వీడియోల్లో చివరి మెరుపు కనిపిస్తుంది, మధ్యలో కట్టిన బిల్లులు కనిపించవు. సూటిగా చెప్తున్నా, సొంత షెడ్డు ఉండి, స్పానర్ పట్టి సొంతంగా పనిచేయగలిగినవాళ్లకు తప్ప మిగతావాళ్లకు ఇందులో పైసలు మిగలవు.

ఎందుకంటే మనకు దొరికేవి అరుదైన బండ్లు కావు. అంబాసిడర్ 1957 నుంచి 2014 దాకా తయారవుతూనే ఉంది, మారుతి 800 కూడా 1983లో మొదలై 2014 దాకా వచ్చింది. డెంటింగ్, పెయింటింగ్, సీట్ల పని, లేత్ పని, క్రోమ్ ప్లేటింగ్‌కు కూలి మాత్రం అరుదైన బండికైనా మామూలు బండికైనా ఒకటే. లక్షకు కొని మూడు లక్షలు పెట్టారనుకోండి, కొనడానికి వచ్చినవాడు మీ బిల్లులు చూడడు, ఓఎల్ఎక్స్‌లో అదే మోడల్ రేటు చూస్తాడు. నిజాం ఆర్డరిచ్చిన రోల్స్ రాయిస్ లాంటివి వేరే లోకం, వాటిని చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లి చూసి రావడమే.

పెళ్లిళ్లకు కిరాయికి తిప్పుతాం అంటారు కొందరు. తెల్ల నంబర్ ప్లేటు బండిని కిరాయికి ఇవ్వడం చట్టప్రకారం కుదరదు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట పట్టుకునేది అదే. యాభై ఏళ్లు దాటిన బండికి 2021 రూల్స్ ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు, వీఏ సిరీస్ నంబరిస్తారు, కొత్తగా చేయిస్తే ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. కానీ ఆ బండిని ర్యాలీలకు, ప్రదర్శనలకు, రిపేరుకు, పెట్రోలుకు తప్ప రోజూ తిప్పకూడదు, వ్యాపారానికి అసలే వాడకూడదు.

ఇవన్నీ విన్నాక కూడా కావాలనిపిస్తే మీది నిజమైన సరదాయే, అప్పుడు పని మొదలుపెట్టండి, కానీ ఇంజిన్ దగ్గర కాదు, కాగితాల దగ్గర. ఆర్సీ ఎవరి పేరు మీద ఉందో చూడండి. ఏపీ 24, ఏపీ 22 నంబర్లతో ఉన్న చాలా బండ్లకు ఓనర్ ఎప్పుడో చనిపోయి ఉంటాడు, కొడుకులు అన్నదమ్ములు నలుగురు ఉంటారు, అందులో ఒకడే మీతో బేరమాడుతుంటాడు. ముందు వాళ్లు ఫారం 31తో బండిని వారసుడి పేరు మీదికి మార్పించుకోవాలి, ఆ తర్వాతే ఫారం 29, 30 మీద మీకు అమ్మాలి. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టిస్తాం అంటే లేచి వచ్చేయండి. సొంత కారు ఆర్సీ పదిహేనేళ్లకు అయిపోతుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. ఇరవై ఏళ్లు దాటిన కారుకు ఆ ఫీజును 2025లో 10,000 చేశారు, గ్రీన్ ట్యాక్స్ వేరు. ఢిల్లీ బండి చౌకగా వస్తోందంటే పాత బండ్లను తిప్పనివ్వని అక్కడి వయసు రూల్సే కారణం. అక్కడి ఆర్టీవో ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకుని ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాక ఆ చౌక ఎంత మిగులుతుందో లెక్కేసుకోండి.

తర్వాత బాడీ. మనకు సముద్రపు గాలి లేదు కాబట్టి కాకినాడ, విశాఖ బండ్లంత తుప్పు ఉండదు, ఇది మనకున్న పెద్ద అదృష్టం. కానీ చెట్టు కింద ఏళ్లు నిలిచిన బండికి ఆకులు బానెట్ వెనక సందుల్లో కుళ్లి, నీళ్లు లోపలికి దిగి అడుగు రేకు తినేస్తాయి. మ్యాట్లు లేపి చూడండి, డిక్కీలో స్టెప్నీ కింద చూడండి, డోర్ల కింది అంచుల్లో స్క్రూడ్రైవర్‌తో పొడవండి. చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి బాడీ మీద జరపండి, పట్టుకోని చోట ఉన్నది రేకు కాదు, పుట్టీ. అంబాసిడర్‌కు, ఫియట్‌కు విడిగా ఛాసిస్ ఉండదు, అడుగు కుళ్లిందంటే బండే కుళ్లినట్టు. జీపుకు ఛాసిస్ వేరు, విప్పడం తేలిక, సామాన్లూ దొరుకుతాయి, మొదటిసారి చేసేవాళ్లకు నేను జీపే చెప్తాను. ఇంజిన్ పట్టేసినా భయపడకండి, రీబోర్ (సిలిండర్ల లోపలి గోడలు కోసి సరిచేయడం) చేయించొచ్చు. కుళ్లిన రేకుతోనే అసలు టెన్షన్.

చాలాకాలం నిలిచిన బండికి బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టకండి. ప్లగ్గులు విప్పి ప్రతి సిలిండర్‌లో కాస్త ఇంజిన్ ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేయండి, మర్నాడు చేత్తో తిప్పండి. పాత పెట్రోలు తీసేసి ట్యాంకు కడిగించండి. ఇప్పుడు వచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్, అది పాత రబ్బరు పైపుల్ని, పంపు డయాఫ్రమ్‌ని చెడగొడుతుంది, ఇథనాల్‌కు తట్టుకునే పైపులే వేయించండి. రేడియేటర్‌లో బోరు నీళ్లు మాత్రం పోయొద్దు, మన ఉప్పు నీళ్లకు లోపల గార కట్టి ఏప్రిల్లో బండి ఉడికిపోతుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ వాడండి.

పని వరస కూడా చాలామంది తిరగేస్తారు, ముందే రంగేయించి తర్వాత ఇంజిన్ దించుతారు, కొత్త రంగంతా గీతలు. బ్రేకులు ముందు, తర్వాత రేడియేటర్, ఇంజిన్, వైరింగ్, ఆ తర్వాతే టింకరింగ్ (రేకు పని), రంగు, సీట్లు చివర. విప్పేటప్పుడు ప్రతిదీ ఫోటో తీసి, బోల్టులు కవర్లలో వేసి పేరు రాయండి, మెకానిక్ మధ్యలో పని వదిలేసినా ఇంకొకరు అందుకోగలగాలి. డబ్బు మొత్తం ముందే ఇవ్వకండి, పని అయినకొద్దీ ఇవ్వండి. సామాను కోసం హైదరాబాద్ పుత్లీబౌలి, అక్కడ లేకపోతే చెన్నై పుదుపేట. గీసి గీసి బేరమాడండి, కానీ బ్రేకు సామాను మాత్రం పాతది తీసుకోకండి.

రీబోర్ చేయించిన ఇంజిన్‌తో నేరుగా విజయవాడ హైవే ఎక్కకండి. మొదటి ఐదొందల కిలోమీటర్లు యాభై దాటకుండా ఊరి రోడ్ల మీద తిప్పి, ఆయిల్ మార్చి, ట్యాపెట్లు (వాల్వుల సందు) సరిచేయించి, అప్పుడు చౌటుప్పల్ దాకా వెళ్లి రండి.