గర్భిణులు షుగర్‌ను ముందే కనిపెట్టడం ఎలా?

గర్భంతో వచ్చే షుగర్ చాలామందిలో పైకి కనిపించదు. దాహం, నీరసం, ఊరికే మూత్రానికి వెళ్లాల్సి రావడం గర్భిణులకు ఎలాగూ ఉండేవే. అందుకే లక్షణాల కోసం చూడకుండా పరీక్ష చేయించుకోవాలి. మూత్ర పరీక్ష ఒక్కటే చాలదు.

1. మొదటి చెకప్‌లోనే అడగండి. అమ్మానాన్నల్లో ఎవరికైనా షుగర్ ఉన్నా, మీకు పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉన్నా, ముందు కాన్పులో బిడ్డ 4 కిలోలు దాటినా డాక్టర్‌కు చెప్పండి. ఇవేవీ లేకపోయినా పరీక్ష మానకూడదు.

2. పరగడుపున రావాలా అని ముందే కనుక్కోండి. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల్లోని పద్ధతికి అక్కర్లేదు, తినేసి వెళ్లినా పర్వాలేదు. కొన్ని ప్రైవేటు ఆసుపత్రుల్లో మాత్రం పరగడుపున ఒకసారి, గ్లూకోజ్ తాగాక రెండుసార్లు రక్తం తీస్తారు.

3. ప్రభుత్వ పద్ధతిలో 75 గ్రాముల గ్లూకోజ్‌ను 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి ఇస్తారు. 5 నుంచి 10 నిమిషాల్లో తాగేయాలి. వేవిళ్లతో ఉన్నవాళ్లకు ఆ తీపి గొంతు దిగడమే పెద్ద పరీక్ష! గటగటా తాగకుండా గుక్కగుక్కగా తాగండి. అరగంటలోపు వాంతయితే ఆ రోజుకి ఆపేసి మర్నాడు మళ్లీ చేయించుకోవాలి. ఆ తర్వాత అయితే ఆపనక్కర్లేదు. తాగిన టైమ్ రాసిపెట్టుకుని, ఏమీ తినకుండా ఓ చోట కూర్చోండి. రెండు గంటలకు రక్తం తీస్తారు. ఈ పద్ధతిలో 140 (డెసిలీటరు రక్తానికి మిల్లీగ్రాములు) గానీ అంతకు మించి గానీ వస్తే షుగర్ ఉన్నట్టే.

4. మొదటిసారి నార్మల్ వచ్చినా 24–28 వారాల మధ్య మళ్లీ చేయించుకోవాలి. మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్ పనికి అడ్డుపడేది ఎక్కువగా అప్పుడే. మన దగ్గర సీమంతం చేసి పుట్టింటికి తీసుకెళ్లేదీ ఇంచుమించు అప్పుడే. ఆసుపత్రి మారే హడావిడిలో ఈ రెండో పరీక్ష జారిపోతుంది. బయల్దేరే ముందే చేయించి, రిపోర్టు ఎంసీపీ కార్డులో (తల్లీబిడ్డల సంరక్షణ కార్డు) పెట్టుకోండి. 28 వారాలు దాటిపోతే ఇక ఆలస్యం చేయకండి, ఇప్పుడైనా చేయించండి.

5. షుగర్ బయటపడితే టెన్షన్‌తో అన్నం మానేయొద్దు. ముందు రెండు వారాలు ఆహారం మార్చి చూస్తారు. అప్పటికీ తిన్న రెండు గంటలకు 120 లోపు రాకపోతేనే మందులో ఇన్సులినో మొదలుపెడతారు.

కాన్పయిన ఆరు వారాలకు తల్లికి మళ్లీ పరీక్ష చేయాలి. బిడ్డకు ఆరో వారం టీకా వేయించడానికి వెళ్లేటప్పుడే ఆ సంగతీ డాక్టర్‌ని అడగండి.