డాబా మీద ఫోమ్ వేయించాక వచ్చే ఇబ్బందులు: కారణాలు, పరిష్కారాలు

రోహిణి కార్తెలో పై అంతస్తు ఇల్లయితే రాత్రి పదకొండయినా స్లాబు సెగ కక్కుతూనే ఉంటుంది. పగలంతా తాగిన వేడిని కాంక్రీటు రాత్రి లోపలికి వదులుతుంది. ఆ వేడి స్లాబుకు చేరకుండా అడ్డుకోవడానికే డాబా మీద పాలీయురెథేన్ ఫోమ్ (నురగలా పొంగి గట్టిపడే పొర) పిచికారీ చేయిస్తాం. సరిగా వేస్తే నిజంగా పనిచేస్తుంది. నేను చూసినంతలో లోపం చాలాసార్లు ఫోమ్‌లో ఉండదు, వేయకముందు, వేశాక చేసిన పనిలో ఉంటుంది.

ఫోమ్ వేసినా ఇల్లు చల్లబడలేదు

రాత్రి తొమ్మిదింటికి స్టూలెక్కి సీలింగ్‌కి అరచెయ్యి ఆనించండి. తర్వాత పడమటి గోడకు ఆనించండి. గోడే ఎక్కువ వేడిగా ఉంటే ఫోమ్‌ని తప్పుపట్టకండి, ఆ గోడకు బయట నీడ కావాలి. చెట్టయినా సరే, గ్రీన్ నెట్ అయినా సరే.

సీలింగే వేడిగా ఉంటే మందం అనుమానించాలి. 50 మిల్లీమీటర్లు అని ఒప్పుకొని, అంచుల్లో సగమే వేసి వెళ్లిపోయేవాళ్లున్నారు. పైన ప్లాస్టరింగ్ పడకముందే సన్నటి ఇనుప ఊచను స్లాబు తగిలేదాకా గుచ్చి, స్కేలుతో కొలవండి. మధ్యలో, మూలల్లో, పిట్టగోడ పక్కన, పదిచోట్లయినా చూడండి. గుచ్చిన రంధ్రాలను ఆరోజే సీలెంట్‌తో మూసేయండి. మందం తగ్గినచోట మళ్లీ వేయమని అడగడానికి మొహమాటపడకండి.

ఉబ్బింది, నొక్కితే లోపల బోలుగా ఉంది

మా ఇంట్లో జరిగింది ఇదే. జులైలో రెండు రోజులు తెరిపిస్తే స్లాబు ఆరిందనుకుని వేయించాం. పైకి పొడిగానే కనిపించింది, లోపల తడి ఉండిపోయింది. ఫోమ్ కోసం కలిపే రెండు రసాయనాల్లో ఒకటైన ఐసోసయనేట్ నీటితో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. దాంతో ఫోమ్ స్లాబుకు అంటుకోకుండా పైకి లేస్తుంది.

ఉబ్బినంత మేర కోసి తీసేయాలి. కింది స్లాబును ఎండకు పూర్తిగా ఆరబెట్టాలి. తర్వాత మూరెడు పాలిథీన్ షీటు పరిచి, నాలుగు అంచులూ టేపుతో అతికించి ఒక రోజు వదిలేయండి. షీటు అడుగున నీటి చుక్కలు పట్టాయంటే ఇంకా ఆగాలి. ఈ పరీక్షకు పెద్ద ఖర్చేమీ లేదు, అందుకే మొదటిసారి ఫోమ్ వేయించేవాళ్లు కూడా తప్పకుండా చేయాలని నా మాట. స్లాబులో పగుళ్లుంటే ముందు అవి పూడ్చాలి. వాలు సరిగా లేక నీళ్లు నిలుస్తుంటే అదీ ముందే సరిచేయాలి. కారే స్లాబును ఫోమ్‌తో కప్పేస్తే నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో ఆ తర్వాత పట్టుకోలేం.

రంగు మారి పొడిలా రాలుతోంది

ఎండలోని అతినీలలోహిత కిరణాలకు ఫోమ్ తట్టుకోలేదు. పైన కోటింగ్ వేయలేదు, లేదా వేసింది అరిగిపోయింది. పొడి మొత్తం గీకి, గట్టి ఫోమ్ తగిలాక, దానికి సరిపడే తెల్లటి ఎలాస్టోమెరిక్ (రబ్బరులా సాగే) కోటింగ్ వేయించండి. వడియాలు, మిరపకాయలు ఎండబెట్టడానికి డాబా మీద తిరుగుతామంటే కోటింగ్ ఒక్కటే చాలదు. మెష్ (వల) వేసి దాని మీద సిమెంటు స్క్రీడ్, అంటే సిమెంటు-ఇసుక పొర, పోయించాలి.

చేపల వాసన పోవడం లేదు

ఫోమ్ కోసం కలిపే రెండు రసాయనాలు సరైన పాళ్లలో కలవకపోతే ఇలా వస్తుంది. పిచికారీ చేసిన రోజు కాస్త వాసన మామూలే. కిటికీలు తెరిచి రోజులు గడిచినా పోకపోతే, ఆ భాగం తీయించి మళ్లీ వేయించడమే దారి. ఉబ్బసం ఉన్నవాళ్లనూ పసిపిల్లలనూ పని జరిగే రోజు, మర్నాడు ఇంటికి దూరంగా ఉంచండి.