జులై–సెప్టెంబర్ టార్గెట్ ఎలా వేసుకోవాలి?

ప్లాట్లు అమ్మే ఏజెంట్ ముందు పంచాంగం తెరవాలి. పదమూడు వారాల్లో ఆషాఢం నాలుగు తినేస్తే మిగిలేవి తొమ్మిదే.

ఇక లెక్క వెనక నుంచి. 6 రిజిస్ట్రేషన్లు కావాలనుకోండి. మీ పాత పుస్తకంలో నాలుగు టోకెన్లలో (అంటే అడ్వాన్స్ ఇచ్చి ప్లాట్ బుక్ చేసుకున్నవాటిలో) మూడే రిజిస్ట్రేషన్ దాకా వెళ్తుంటే 8 టోకెన్లు కావాలి. పది సైట్ విజిట్లకో టోకెన్ అయితే 80 విజిట్లు, అంటే వారానికి 9. కారు, డ్రైవర్ సరిపోతాయా? లేకపోతే టార్గెట్ తగ్గించండి, సిగ్గేం లేదు.

టోకెన్లు జారిపోయేది ఎక్కువగా లోన్ దగ్గరే. లింక్ డాక్యుమెంట్లలో, అంటే ఆ స్థలం ఇంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజుల్లో, ఒక్కటి లేకున్నా బ్యాంకు లాయర్ ఫైలు ఆపేస్తాడు. అందుకే అడ్వాన్స్ తీసుకోకముందే ఈసీ (స్థలంపై పాత లావాదేవీలు, అప్పులు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు సర్టిఫికెట్), లింక్ డాక్యుమెంట్లు, లేఅవుట్ అప్రూవల్ కాపీ సిద్ధంగా ఉంచండి. ఆషాఢంలో చేయాల్సిన పని అదే.

సెప్టెంబర్ చివర్లో వచ్చిన టోకెన్‌ని ఈ క్వార్టర్‌లో కలపొద్దు. అది దసరా ఖాతా.