ఎగిరే ఉడుత కనబడితే ఏ జాతిదో గుర్తుపట్టడం ఎలా?

రంగు చూసి జాతి పేరు చెప్పేవాళ్ల మాట నమ్మకండి. ప్రపంచంలో ఎగిరే ఉడుతలు దాదాపు 50 జాతులున్నాయి, చాలావరకు ఆసియా అడవుల్లోనే. టార్చ్ వెలుగులో వాటిలో సగం గోధుమ రంగువే, మిగతా సగం ఎర్రవే అనిపిస్తాయి.

1. సామాను: ఎర్ర కాగితం చుట్టిన టార్చ్, బైనాక్యులర్, నోట్‌బుక్, పెన్సిల్. అంతే. మొదటి రాత్రి కెమెరా వద్దు. కెమెరా పట్టుకున్నవాడు జంతువును చూడడు, స్క్రీన్ చూస్తాడు.

2. చోటు: తొర్రలున్న పాత చెట్లు ఎంచుకుని, పొద్దు గుంకకముందే వెళ్లి కూర్చోండి. మాటలొద్దు.

3. దిగే క్షణాన్ని పట్టుకోవడం: అందరూ ఇక్కడే చెడగొడతారు. ఉడుత దూకగానే టార్చ్‌తో దాని వెంటపడతారు. గాల్లో ఉన్నది మీ చేతికంటే వేగంగా పోతుంది, వెలుగు ఎప్పుడూ దాని వెనకే ఉంటుంది. పైగా తెల్లని వెలుగు సూటిగా కళ్లలో పడితే దానికి కళ్లు బైర్లు కమ్ముతాయి. అది దిగే లోపు అలా చేయడం దారుణం. అలాంటివాళ్లతో నేను రెండోసారి అడవికి వెళ్లను.

వెలుగు ఉండాల్సింది ఉడుత మీద కాదు, అది చేరబోయే చెట్టు మీద. ఏ చెట్టో ఎలా తెలుస్తుందంటారా? దూకేముందు తలను పైకీ కిందికీ, పక్కలకీ ఊపుతూ దూరం అంచనా వేసుకుంటుంది. ఆ ముఖం ఎటుందో చూడండి. అటువైపు చెట్టు మానులో, అది కూర్చున్న ఎత్తుకంటే బాగా కింద, టార్చ్ వెలుగు అంచు మాత్రమే పడేలా పెట్టండి. ఇది నిజంగా ఎగరదు కదా, జారుతూ వస్తుంది, కాబట్టి ఎత్తు తగ్గక తప్పదు. మాను దగ్గరికి రాగానే ఒళ్లు పైకెత్తి, ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య సాగే చర్మపు పొరను గాలికి అడ్డం పెట్టి, వేగం తగ్గించి నాలుగు కాళ్లతో అంటుకుంటుంది. మరుక్షణం మాను వెనక్కి తిరిగిపోతుంది. మీకు దొరికేది ఆ కాస్త సమయమే.

అందులో తోక చూడండి. తర్వాత వెనక కాళ్ల మధ్య చూడండి. ఇంకేమీ వద్దు. తోక పొడవుగా, గుండ్రంగా, గుబురుగా ఉండి, వెనక కాళ్లకూ తోక మొదలుకూ మధ్య కూడా పొర కనిపిస్తే అది పెటౌరిస్టా లాంటి పెద్ద రకం. తోక ఈకలా చదునుగా ఉంటే గ్లాకోమిస్, హైలోపెటీస్ లాంటి చిన్న రకాలు.

4. మ్యాప్: సగం పని ఇదే చేస్తుంది. ఐరోపాలో ఉన్నది సైబీరియా ఎగిరే ఉడుత ఒక్కటే. ఉత్తర అమెరికాలో మూడు, అందులో మూడోదాన్ని వేరే జాతిగా గుర్తించింది 2017లోనే. ఆస్ట్రేలియాలో చూశామంటే అది ఉడుతే కాదు, పిల్లను సంచిలో మోసే షుగర్ గ్లైడర్ లాంటిదేదో అయ్యుంటుంది.

5. రాసుకోవడం: తోక, పొర, దిగిన ఎత్తు, టైం రాయండి. జాతి పేరు తేలకపోతే ఖాళీ వదిలేయండి, పరువేమీ పోదు. ఉత్తర అమెరికాలో ఉత్తరపు, దక్షిణపు జాతులకు పొట్ట మీది వెంట్రుకల మొదళ్లలో తేడా ఉంటుంది: ఒకదానికి బూడిద రంగు, ఇంకోదానికి మొదలంటా తెలుపు. చెట్టు కింద నిలబడి అది చూశామనేవాళ్లు కోతలు కోస్తున్నట్టే. ఉన్ని ఎగిరే ఉడుత ఒకే జాతి అని చాలాకాలం అనుకున్నారు. మ్యూజియంలలోని పుర్రెలు, చర్మాలు, జన్యువులు పోల్చి చూశాకే 2021లో మరో రెండు జాతులు బయటపడ్డాయి.

అరుణాచల్‌లోని నమ్‌దఫా వెళ్లొచ్చి, 1981లో దొరికిన ఒకే ఒక్క నమూనాతో పేరు పెట్టిన నమ్‌దఫా ఎగిరే ఉడుతను చూశామని చెప్పేవాళ్లుంటారు. అదే అడవిలో దాన్ని పోలిన ఎర్ర పెద్ద ఎగిరే ఉడుత కూడా తిరుగుతుంది. తోక కొస నల్లగా ఉందా, పాదాలు ఏ రంగు అని అడిగి చూడండి. చాలామంది ఫోన్ తీసి మసక ఫోటో చూపిస్తారు.